ఆలస్యంగా ఆరే సాల్వెంట్ల ఆవిరి వేగం: టీజీఏ లేకుండా కొలిచే దారి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: జీడిమెట్లలో పెయింట్లు, క్లీనర్లు తయారుచేసే చిన్న యూనిట్ ల్యాబ్. బ్యూటైల్ కార్బిటాల్, టెక్సనాల్, ఇథిలీన్ గ్లైకాల్ అనే నెమ్మది సాల్వెంట్లు ఎంత వేగంగా ఎగిరిపోతాయో అంకెల్లో కావాలి. సప్లయర్ ఇచ్చిన షీటులో "బ్యూటైల్ ఎసిటేట్ 1 అయితే ఇది 0.01 కంటే తక్కువ" అన్న ముక్క తప్ప ఇంకేమీ లేదు. నాలుగు డెసిమల్ బ్యాలెన్స్ ఉంది, టీజీఏ (వేడి చేస్తూ బరువు తగ్గడాన్ని తూచే యంత్రం) లేదు. పెట్రీ డిష్‌లో పోసి తూస్తే గ్లైకాల్ బరువు తగ్గకపోగా పెరుగుతోంది. కార్బిటాల్ రోజుకో లెక్క చెబుతోంది.

మీ బ్యాలెన్స్‌లో దోషం లేదండీ. డిష్ చుట్టూ ఉన్న గాలి ఏం చేస్తోందో దాన్నే అది చూపిస్తోంది. కార్బిటాల్ వేపర్ ప్రెషర్ (ద్రవం తన ఆవిరిని బయటికి తోసే ప్రెషర్) 25 డిగ్రీల దగ్గర సుమారు 3 పాస్కల్. పూర్తి వాక్యూమ్‌లో అయితే ఆ ప్రెషర్‌కి చదరపు సెంటీమీటరు నుంచి సెకనుకి దాదాపు 1 మిల్లీగ్రాము లేచిపోవచ్చు. అదే ద్రవం మీద సెంటీమీటరు మందాన కదలని గాలి ఉంటే గంటకి 0.04 మిల్లీగ్రాము దగ్గరే ఆగిపోతుంది. అంటే దాదాపు లక్షో వంతు. ఈ లక్ష రెట్ల తేడా అంతా గాలి వల్ల వచ్చిందే. అందుకే ఏసీ గాలి దిశ మార్చినా, ఎవరో ఫ్యాన్ వేసినా, డిష్ అంచు మూడు మిల్లీమీటర్లు ఎత్తు పెరిగినా అంకె మారిపోతుంది. "ఈ సాల్వెంట్ గంటకి ఇన్ని మిల్లీగ్రాములు" అని విడిగా చెబితే ఆ మాటకి అర్థం లేదు. అదే డిష్, అదే లెవెల్, అదే గాలిలో వేపర్ ప్రెషర్ బాగా తెలిసిన మరో ద్రవాన్ని నడిపి, రెండిటి నిష్పత్తి తీయాలి. పని అంతా ఆ నిష్పత్తిని నమ్మదగ్గదిగా రాబట్టడంలోనే ఉంది.

ముందు, షీటులోని ఆ "0.01 కంటే తక్కువ" ఎందుకు అక్కడే ఆగిపోయిందో చూద్దాం. ఆ స్కేలు వెనకున్న పద్ధతి ఏఎస్‌టీఎం డీ3539 అనే అమెరికా పరీక్షా ప్రమాణం. బ్యాలెన్స్‌కి వేలాడదీసిన ఫిల్టర్ పేపర్ మీద 0.7 మిల్లీలీటర్ల సాల్వెంట్ పరిచి, 25 డిగ్రీల దగ్గర నిమిషానికి 21 లీటర్ల పొడి గాలి పంపిస్తారు. 90 శాతం ఎగిరిపోవడానికి పట్టిన సమయమే కొలత. బ్యూటైల్ ఎసిటేట్‌కి అది 470 సెకన్ల ప్రాంతంలో ఉంటుంది. ఇక లెక్క వేయండి: రేటు 0.01 ఉన్న సాల్వెంట్‌కి 13 గంటలు, 0.004 ఉన్నదానికి 32 గంటల పైన, 0.002 అయితే 65 గంటలు. ఆ చివరిదానికి పట్టే గాలి దాదాపు 82 ఘనపు మీటర్లు. మనకి మామూలుగా దొరికే 7 ఘనపు మీటర్ల నైట్రోజన్ సిలిండర్లు పన్నెండు. అంత ఖర్చు పెట్టి ఎవరూ చెయ్యరు, అందుకే షీటులో "కంటే తక్కువ" అని రాసి వదిలేస్తారు.

ఒకవేళ చేసినా, వచ్చిన అంకెని నేనైతే పెద్దగా నమ్మను. గ్లైకాల్, గ్లైకాల్ ఈథర్లు (కార్బిటాల్ అలాంటిదే) కాగితంలోని సెల్యులోజ్‌కి గట్టిగా పట్టుకుంటాయి. ఆఖరి పదీ ఇరవై శాతం కాగితాన్ని వదలదు. కాగితమే తేమ పీలుస్తుంది, వదులుతుంది. పైగా బ్యూటైల్ ఎసిటేట్ అంత వేగంగా ఎగిరేటప్పుడు కాగితం చల్లబడుతుంది, దాంతో దాని వేగం తగ్గుతుంది. కార్బిటాల్ చల్లబడదు, మీ డిష్‌లోంచి అది తీసుకెళ్లే వేడి మిల్లీవాట్‌లో పావు వంతు. అంటే ఆ నిష్పత్తిలో చల్లబడిన ద్రవాన్నీ చల్లబడని ద్రవాన్నీ పక్కపక్కన పెడుతున్నారన్నమాట. లో వోలటైల్ సాల్వెంట్లతో మనకున్న ఒకే ఒక్క సుఖం ఈ చల్లబడే గొడవ లేకపోవడం. దాన్ని వదులుకోకూడదు.

ఇప్పుడు గ్లైకాల్ బరువు ఎందుకు పెరుగుతోందో చూద్దాం. 25 డిగ్రీల దగ్గర దాని వేపర్ ప్రెషర్ సుమారు 12 పాస్కల్. గదిలో తేమ 70 శాతం ఉంటే గాలిలో నీటి ఆవిరి ప్రెషర్ 2,200 పాస్కల్. గ్లైకాల్ బయటికి పోవడానికి ఉన్న తోపుడు 12, నీరు లోపలికి రావడానికి ఉన్న తోపుడు 2,200. నీటి అణువు తేలిక, కానీ గాలిలో రెండు రెట్లకి పైగా చురుగ్గా కదులుతుంది. బరువుల్లోకి మారిస్తే మొదట్లో వచ్చే నీరు పోయే గ్లైకాల్‌కి దాదాపు 130 రెట్లు. 9 సెంటీమీటర్ల పెట్రీ డిష్ మూత లేకుండా ఉంటే నిమిషానికి పది పదిహేను మిల్లీగ్రాముల నీరు ఎక్కుతుంది. గ్లైకాల్ పోయేది గంటకి ఏడు మిల్లీగ్రాములే. రెండు గంటలు పొడి పెట్టెలో ఉంచి, తూచడానికి ఒక్క నిమిషం మూత తీసి బయట పెడితే చాలు, ఆ రెండు గంటల నష్టం మొత్తం మాయమైపోతుంది. గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్, డీఎంఎస్ఓ, ఎన్ఎంపీ లాంటి తేమ పీల్చే సాల్వెంట్లన్నిటిదీ ఇదే బుద్ధి. జులై, ఆగస్టుల్లో తీసిన రీడింగుకీ ఏప్రిల్‌లో తీసిన రీడింగుకీ పొంతన కుదరదు. డీఎంఎస్ఓ 18.5 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది కూడా. ఏసీ 18లో పెట్టుకునే ల్యాబుల్లో దాన్ని ద్రవం అనుకుని కొలవకండి.

"సరే, డెసికేటర్‌లో పెట్టి మూసేస్తాను" అంటారా? అక్కడ ఇంకో చిక్కు. 3 పాస్కల్ దగ్గర లీటరు గాలి నిండడానికి 0.2 మిల్లీగ్రాము కార్బిటాల్ చాలు. పది లీటర్ల డెసికేటర్ 2 మిల్లీగ్రాములతో నిండిపోతుంది. ఆ తర్వాత బరువు కదలదు. సిలికా జెల్ నీటితోపాటు గ్లైకాల్ ఈథర్ ఆవిరిని కూడా కొంత పీలుస్తుంది కాబట్టి పూర్తిగా ఆగదు, కానీ అప్పుడు మీరు కొలిచేది సిలికా జెల్ ఆకలిని. కాబట్టి గాలి కదలాలి, పొడిగా ఉండాలి, ప్రతిసారీ ఒకేలా ఉండాలి.

నేను చెప్పే సెటప్ ఇది. 20 × 20 × 15 సెంటీమీటర్ల పెట్టె, అంటే 6 లీటర్లు. గాజుదైతే మంచిది, యాక్రిలిక్ అయినా నడుస్తుంది కానీ ఎన్ఎంపీ, డీఎంఎస్ఓలకి వద్దు. అడుగున ఒక పక్క గాలి లోపలికి, ఎదురు గోడకి పైన బయటికి. లోపలికి వచ్చే గాలి నేరుగా డిష్ మీద కొట్టకుండా ముందు ఒక చిల్లుల పలక. పెట్టె మొత్తం ఇంక్యుబేటర్‌లో. లూప్ ఇలా కట్టండి: పెట్టె నుంచి పంపు, అక్కడి నుంచి యాక్టివేటెడ్ కార్బన్, సిలికా జెల్, మాలిక్యులర్ సీవ్ (నీటిని పట్టుకునే సన్న రంధ్రాల గుళికలు), దుమ్ము ఫిల్టరు, రోటామీటరు (గాలి ప్రవాహం చూపే గొట్టం, నిమిషానికి 2 లీటర్లకి పెట్టండి), ఇంక్యుబేటర్ లోపల రెండు మీటర్ల రాగి చుట్ట, తిరిగి పెట్టె. పంపుని కార్బన్‌కి ముందే పెట్టమంటున్నది దాని రబ్బరు డయాఫ్రమ్ వాసనలు కూడా కార్బన్‌లోనే ఆగాలని. కార్బన్ తేమ వదులుతుంది కాబట్టి సీవ్ దాని తర్వాతే. సిలికా జెల్ ఒక్కటే చాలదు. అది బాగా పనిచేస్తున్నప్పుడు కూడా గాలిలో పది పదిహేను పాస్కల్ నీటి ఆవిరి మిగులుతుంది. అది గ్లైకాల్ సొంత ప్రెషర్‌తో సమానం. 3ఏ లేదా 4ఏ సీవ్ దాన్ని ఒక పాస్కల్ లోపలికి దించుతుంది. సీవ్‌ని వాడేముందు 250 నుంచి 300 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు కాల్చి, మూత బిగించి చల్లార్చండి.

లూప్ కట్టకుండా సిలిండర్ గ్యాస్ నేరుగా పంపి వదిలేస్తే నిమిషానికి 2 లీటర్ల చొప్పున మూడు రోజులకి 8.6 ఘనపు మీటర్లు కావాలి. ఒక సిలిండర్ సరిపోదు. బయటి గాలిని లాగి ఆరబెట్టి వదిలేద్దామంటే, వర్షాకాలంలో ఆ గాలిలో 140 గ్రాముల దాకా నీరు ఉంటుంది, సిలికా జెల్ కిలో దాకా పెట్టుకోవాలి. లూప్‌లో అయితే మొదటి గంట తర్వాత ఎండబెట్టాల్సిన నీరు దాదాపు ఉండదు. అక్వేరియం పంపు మాత్రం కొనకండి. దానికి పీల్చే వైపు నాజిల్ ఉండదు, ఒంటి చుట్టూ ఉన్న సందుల్లోంచి గది గాలి లాగేస్తుంది. రెండు వైపులా పోర్టులున్న చిన్న డయాఫ్రమ్ పంపు తీసుకోండి. ఫిటింగులు రాణిగంజ్‌లో, ఉష్ణోగ్రత నిలిపే పీఐడీ కంట్రోలర్, దాన్ని కొలిచే పీటీ100 సెన్సర్ కోఠి గుజరాతీ గల్లీలో వెతకండి. పైపు టెఫ్లాన్‌దో స్టీలుదో. పీవీసీ పైపు సాల్వెంట్ ఆవిరిని పీల్చుకుని తర్వాతి ద్రవం నడిపేటప్పుడు వదులుతుంది, తన ప్లాస్టిసైజర్‌ని కూడా కలుపుతుంది.

ఉష్ణోగ్రత 25 పెట్టాలని పట్టుబట్టకండి. మామూలు ఇంక్యుబేటర్ వేడి చేయగలదే గానీ చల్లబరచలేదు. ఏసీ గది 25లో ఉంటే ఇంక్యుబేటర్ 35 దగ్గర స్థిరంగా నిలుస్తుంది, 27 దగ్గర నిలవదు. ఈ తరహా సాల్వెంట్లకి ఒక్క డిగ్రీ తేడా ఎనిమిది తొమ్మిది శాతం తేడా తెస్తుంది. మేలో ఏసీ లేని గది 25 నుంచి 40కి వెళితే వేగం మూడు రెట్లు దాటుతుంది. మీ కార్బిటాల్ రోజుకో లెక్క చెప్పడానికి సగం కారణం ఇదే అయ్యుండాలి. సెన్సర్ గాలిలో వేలాడకూడదు, డిష్ పక్కన అదే పలక మీద ఆనించి ఉండాలి. 0.2 డిగ్రీల లోపు నిలిస్తే రెండు శాతం లోపు కొలత వస్తుంది, మీ పనికి అది ఎక్కువే.

రిఫరెన్స్ ద్రవాల దగ్గరికి వద్దాం. బ్యూటైల్ ఎసిటేట్‌ని మరిచిపోండి. దానికీ మీ సాల్వెంట్లకీ మధ్య వందల రెట్ల దూరం ఉంది, ఒకే సెటప్‌లో రెండూ సరిగా కొలవలేరు. సాదా ఆల్కేన్లు (కార్బన్, హైడ్రోజన్ మాత్రమే ఉన్న ద్రవాలు) తీసుకోండి. 25 డిగ్రీల దగ్గర ఎన్-డోడెకేన్ సుమారు 18 పాస్కల్, ఎన్-టెట్రాడెకేన్ సుమారు 1.6, ఎన్-హెక్సాడెకేన్ సుమారు 0.2. ఒక్కో మెట్టు దాదాపు పది రెట్లు. నీటిని తాకవు, వేపర్ ప్రెషర్లు బాగా కొలిచి ఉన్నాయి, 99 శాతం గ్రేడు ల్యాబ్ కెమికల్ డీలర్ల దగ్గర దొరుకుతుంది. మీ కార్బిటాల్, గ్లైకాల్ మొదటి రెండు మెట్ల మధ్య పడతాయి. టెక్సనాల్ టెట్రాడెకేన్‌కి చేరువగా ఉంటుంది. హెక్సాడెకేన్ 18 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, సీసా చలికాలంలో పెరుగులా కనిపిస్తే కంగారు పడకండి.

రిఫరెన్స్‌నీ శాంపిల్‌నీ ఒకే పెట్టెలో ఒకేసారి పెట్టొద్దు. టైము కలిసొస్తుందని చాలామంది చేసే పని ఇదే. డోడెకేన్ ఆవిరి కార్బిటాల్‌లో కరుగుతుంది, కార్బిటాల్ బరువు తగ్గడం ఆలస్యమవుతుంది. ఒకదాని తర్వాత ఒకటి నడపండి. మధ్యలో ఖాళీ పెట్టెతో లూప్‌ని ఒక రాత్రి తిప్పండి.

డిష్‌లు 9 సెంటీమీటర్ల గాజు పెట్రీలు, ఒకే బ్యాచ్‌వి, అంచు ఎత్తు సమానంగా ఉన్నవి ఏరుకోండి. ఒక్కోదానిలో పిపెట్‌తో 30 మిల్లీలీటర్లు. గ్రాముల్లో కొలిచి పోయకూడదు. టెక్సనాల్ డెన్సిటీ వేరు, గ్లైకాల్ డెన్సిటీ వేరు. సమాన బరువు పోస్తే లెవెల్ మారుతుంది, అంచుకీ ద్రవానికీ మధ్య గాలి మందం మారుతుంది, నిష్పత్తి పాడవుతుంది. 30 మిల్లీలీటర్లకి దాదాపు 5 మిల్లీమీటర్ల లోతు, పైన సెంటీమీటరు ఖాళీ వస్తుంది. మూడు రోజుల్లో గ్రాము పోయినా లెవెల్ 0.2 మిల్లీమీటరే దిగుతుంది కాబట్టి బరువు గీత తిన్నగా ఉంటుంది. పలచగా పోస్తే త్వరగా అవుతుందనే ఆలోచన ఇక్కడ పనికిరాదు. సగం అడుగు బయటపడ్డాక ఉపరితలం ఎంతో ఎవరికీ తెలియదు.

రెండు శాంపిల్ డిష్‌లకి తోడు ఒక బ్లాంక్ ఉండాలి. అదే పెట్రీలో 30 మిల్లీలీటర్ల చోటు ఆక్రమించే గాజు గోలీలు వేసి, ప్రతిసారీ దాన్నీ తూచండి. గాలి తేలింపు వల్ల వచ్చే తేడాని అది పట్టిస్తుంది. గది మూడు డిగ్రీలు మారితే ఇంత పరిమాణం ఉన్న డిష్ బరువు దాదాపు అర మిల్లీగ్రాము మారినట్టు కనిపిస్తుంది. రోజులో సహజంగా జరిగే వాతావరణ ప్రెషర్ హెచ్చుతగ్గులు ఇంకో 0.2 దాకా కలుపుతాయి. గంటకి 2 మిల్లీగ్రాములు పోయే చోట ఇవి చిన్న సంగతులు కావు.

తూచే వరస ఇలా ఉంటుంది. పెట్టె తెరిచిన వెంటనే, లోపలే డిష్ మీద మూత పెట్టి, అప్పుడు బయటికి తీయండి. బ్యాలెన్స్ పక్కన మూతతోనే పావుగంట చల్లారనివ్వండి, వెచ్చని డిష్ తూస్తే లేచే గాలి వల్ల తక్కువ చూపిస్తుంది. మూతతోనే తూచండి. గ్లైకాల్‌కి ఈ పావుగంట కూడా ఎక్కువే. దాన్ని మూతతో సహా బిగువుగా సరిపోయే జిప్ కవర్‌లో చల్లార్చి, కవర్ తీసి వెంటనే తూచండి. డిష్ లోపల ఉన్న సమయమే లెక్కలోకి రావాలి, కాబట్టి మూత పెట్టిన, తీసిన గడియారం టైములు రాసుకోండి. ఏప్రిల్, మే నెలల్లో గాలి ఎండిపోయి ఉన్నప్పుడు గాజు మీద స్టాటిక్ చేరుతుంది. రీడింగు ఒకే దిక్కుగా నెమ్మదిగా జారుతుంటే అనుమానం దాని మీదే. తూచే గదిలో తేమ 45 శాతం పైన ఉంచితే ఈ బెడద ఉండదు. 12 గంటలకొకసారి చొప్పున ఆరు రీడింగులు తీసి, బరువు–సమయం గీత వాలు తీయండి. మొదటి రీడింగుకీ ఆఖరి రీడింగుకీ తేడా తీసి గంటలతో భాగించేస్తే వంపు ఉందో లేదో తెలియదు, అసలు చూడాల్సింది ఆ వంపే.

వంపు ఎందుకు వస్తుందంటే మలినాల వల్ల. 99 శాతం శుద్ధమైన సాల్వెంట్‌లో మిగిలిన 1 శాతం వంద రెట్లు ఎక్కువ ప్రెషర్ ఉన్నదైతే, మొదట్లో ఆ ఒక్క శాతం నుంచి వచ్చే ఆవిరి మిగతా తొంభై తొమ్మిది శాతంతో సమానం. అంటే మొదటి రోజు వేగం రెట్టింపు కనిపిస్తుంది. నీరు కూడా ఈ లెక్కలోకే వస్తుంది. తెరిచి ఉంచిన డబ్బాలోని గ్లైకాల్‌లో అర శాతం నీరుంటే దాని ప్రెషర్ 50 పాస్కల్ దాకా ఉంటుంది, గ్లైకాల్ 12 మీద. అది పోవడానికే ఒకటిన్నర రోజు పడుతుంది. కాబట్టి గ్లైకాల్‌కి మొదటి రెండు రోజుల రీడింగులు పారేయండి, లేదా ముందే 3ఏ సీవ్ మీద ఒక రోజు ఉంచి ఆరబెట్టండి. అవకాశం ఉంటే ముందూ వెనకా కార్ల్ ఫిషర్ (నీటి శాతం కొలిచే పరీక్ష) చేయండి. మిగతావాటికి మొదటి 12 గంటలు వదిలేస్తే చాలు. వంపు మూడో రోజు కూడా తగ్గకపోతే మీ దగ్గర ఉన్నది ఒక సాల్వెంట్ కాదు, మిశ్రమం. రికవరీ సాల్వెంట్లు (వాడినవాటిని శుద్ధి చేసి అమ్మేవి) కొంటున్నవాళ్లు దీన్ని శ్రద్ధగా చూడాలి. డీఆరోమటైజ్డ్ హైడ్రోకార్బన్ కట్స్ లాంటివి పుట్టుకతోనే మిశ్రమాలు, వాటికి ఒక్క అంకె అంటూ ఉండదు. 10, 50, 90 శాతం పోవడానికి పట్టిన సమయాలు ఇవ్వండి.

ఇక లెక్క. ఒకే గాలి ప్రవాహంలో బరువు నష్టం వేగం సుమారుగా వేపర్ ప్రెషర్, అణుభారం, గాలిలో ఆ ఆవిరి వ్యాపించే గుణకం, ఈ మూడింటి గుణకారంతో మారుతుంది. బరువైన అణువు నెమ్మదిగా వ్యాపిస్తుంది కాబట్టి అణుభారం ప్రభావం సగం కొట్టుకుపోయి వర్గమూలంగా మిగులుతుంది. ఉదాహరణకి డోడెకేన్ గంటకి 14 మిల్లీగ్రాములు, కార్బిటాల్ 2.4 వచ్చాయనుకుందాం. నిష్పత్తి 0.171. డోడెకేన్ అణుభారం 170.3, కార్బిటాల్ 162.2, వాటి నిష్పత్తి వర్గమూలం 1.025. 18 × 0.171 × 1.025 అంటే 3.2 పాస్కల్, అంటే 0.024 మిల్లీమీటర్ల మెర్క్యురీ. 25 డిగ్రీల అంకెలతో చూపించాను. 35 దగ్గర కొలిస్తే రెండూ రెండుంపావు రెట్లు పెరుగుతాయి, నిష్పత్తి మాత్రం పది శాతం లోపే కదులుతుంది. రిఫరెన్స్‌ని అదే ఉష్ణోగ్రత దగ్గర నడపడం వల్ల దక్కే లాభం అది. ఇంకా కచ్చితంగా కావాలంటే 35, 45, 55 దగ్గర కొలిచి, ప్రెషర్ లాగరిథమ్‌ని కెల్విన్ ఉష్ణోగ్రత విలోమంతో గీసి, 25కి పొడిగించండి. గ్లైకాల్ అణుభారం 62 కాబట్టి అక్కడ ఈ వర్గమూలం కిటుకు పాతిక శాతం దాకా తప్పొచ్చు. దానికి వ్యాపన గుణకాల్ని ఫుల్లర్ సూత్రంతో లెక్కించి వాడండి.

నిమిషానికి 2 లీటర్లు ఎందుకన్నానంటే, ఆ ప్రవాహం 3 పాస్కల్ దగ్గర గంటకి 23 మిల్లీగ్రాముల కార్బిటాల్ మోయగలదు. డిష్ వదిలేది 2.4. బయటికి వెళ్లే గాలి పదో వంతే నిండి ఉంటుంది. రెండు శాంపిల్ డిష్‌లు పెడితే ఇది రెట్టింపు అవుతుంది, కాబట్టి రిఫరెన్స్‌కి కూడా రెండే పెట్టండి. డోడెకేన్‌కి కూడా దాదాపు ఇదే శాతం వస్తుంది, అందుకే నిష్పత్తిలో ఈ దోషం చాలావరకు రద్దవుతుంది. ప్రవాహాన్ని 1 లీటరుకి తగ్గించి, 3కి పెంచి ఒకసారి చూడండి. వేగాలు మారొచ్చు, నిష్పత్తి మారకూడదు. మారితే ఎక్కడో లీకు ఉంది, లేదా ద్రవం గోడ మీదికి పాకుతోంది. గ్లైకాల్ ఈథర్లకి తలతన్యత తక్కువ, శుభ్రమైన గాజు మీద సన్నగా పాకి అంచు దాకా వెళతాయి. లోపలి గోడ మీద ఏటవాలుగా టార్చి వేస్తే తడి గీత కనిపిస్తుంది. అది కనబడితే ఆ డిష్ లెక్కలోంచి తీసేయండి.

మీకు జీసీ (గ్యాస్ క్రొమటోగ్రాఫ్, మిశ్రమాన్ని విడదీసి కొలిచే యంత్రం) ఉంటే ఇంకో దారి ఉంది, అది రిఫరెన్స్ లేకుండానే సూటిగా వేపర్ ప్రెషర్ ఇస్తుంది: గ్యాస్ సాచురేషన్. ఓఈసీడీ 104 మార్గదర్శకంలో ఉన్న పద్ధతుల్లో ఇది చాలా కింది ప్రెషర్ల దాకా పనికొస్తుంది. సాల్వెంట్ పూసిన గాజు పూసల కాలమ్‌ని స్థిర ఉష్ణోగ్రతలో పెట్టి, దాని గుండా నిమిషానికి 50 మిల్లీలీటర్ల పొడి నైట్రోజన్ పంపాలి. బయటికి వచ్చేది సార్బెంట్ గొట్టంలో పట్టి, సాల్వెంట్‌తో దించి, జీసీలో ఎన్ని మిల్లీగ్రాములో చూడాలి. ఐదు గంటల్లో 15 లీటర్లు, కార్బిటాల్ అయితే దాదాపు 3 మిల్లీగ్రాములు దొరుకుతుంది. బరువుని అణుభారంతో భాగించి, గ్యాస్ స్థిరాంకంతోనూ కెల్విన్ ఉష్ణోగ్రతతోనూ గుణించి, గ్యాస్ పరిమాణంతో భాగిస్తే పాస్కల్స్ వస్తాయి. 25, 50, 100 ప్రవాహాల దగ్గర ఒకే జవాబు రావాలి. 100 దగ్గర తగ్గితే గ్యాస్ నిండకుండానే వెళ్లిపోతోందని అర్థం. నీరు, తేలిక మలినాలు జీసీలో విడిపోతాయి కాబట్టి గ్లైకాల్‌కి నేను ఈ పద్ధతికే మొగ్గుతాను.

దీన్లో హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు పడే గుంట ఒకటుంది. మనం సముద్ర మట్టానికి 500 మీటర్ల పైన ఉన్నాం, ఇక్కడి అసలు వాతావరణ ప్రెషర్ 950 హెక్టోపాస్కల్ ప్రాంతంలో ఉంటుంది. గ్యాస్ ప్రవాహాన్ని నియంత్రించే మాస్ ఫ్లో కంట్రోలర్ చూపించే లీటర్లు సాధారణంగా 0 డిగ్రీలు, 1013 హెక్టోపాస్కల్ దగ్గరి లీటర్లు. ఇక్కడ 25 డిగ్రీల దగ్గర అవి 1.16 లీటర్లు. సరిదిద్దకపోతే జవాబు 16 శాతం ఎక్కువ వస్తుంది. ఫోన్‌లో వెదర్ యాప్ చూపించే 1008, 1010 అంకెలు వేసి సరిదిద్దకండి, అవి సముద్ర మట్టానికి మార్చి చెప్పేవి. డిష్ పద్ధతిలో కూడా దీని ఛాయ ఉంది: పలచని గాలిలో ఆవిరి ఆరు శాతం వేగంగా వ్యాపిస్తుంది. కానీ రిఫరెన్స్‌కి కూడా అంతే కాబట్టి అక్కడ పట్టించుకోనక్కర్లేదు. చెన్నైలోనో విశాఖలోనో ఉన్న కస్టమర్ ల్యాబ్‌తో గంటకి మిల్లీగ్రాముల్ని సూటిగా పోల్చినప్పుడే ఇది గుర్తుకు రావాలి.

టీజీఏని బయట ఎక్కడైనా డబ్బు కట్టి చేయిస్తే, ఉష్ణోగ్రత పెంచుకుంటూ పోయే మామూలు రన్ అడగకండి. "150 దగ్గర మొదలై 210కి అయిపోయింది" అన్న రిపోర్టుతో గది ఉష్ణోగ్రత దగ్గరి వేగం తెలియదు. 60, 70, 80, 90 డిగ్రీల దగ్గర ఐసోథర్మల్ (ఉష్ణోగ్రత కదలకుండా నిలిపే రన్) అడగండి, ఒక్కోటి అరగంట. చిన్న క్రూసిబుల్‌లో 25 డిగ్రీల దగ్గర నిమిషానికి 0.2 మైక్రోగ్రాము పోతుంది, అది పరికరం డ్రిఫ్ట్‌లో కలిసిపోతుంది. 80 దగ్గర తొమ్మిది పది మైక్రోగ్రాములు, హాయిగా కనిపిస్తుంది. అదే రోజు అదే క్రూసిబుల్‌లో టెట్రాడెకేన్ కూడా నడపమనండి. గీతలో తిన్నగా ఉన్న మధ్య భాగమే తీసుకోండి. ముందు మలినాలు, తర్వాత లెవెల్ దిగిపోవడం. ఏఎస్‌టీఎం ఈ2008 సన్న రంధ్రం ఉన్న మూత వాడుతుంది, పోటీ ల్యాబులతో పోల్చాల్సి వస్తే అదడగండి.

ఈ అంకెలతో ఏం చేస్తారో మీరు చెప్పలేదు. లేబుల్ కోసమైతే ఒక మాట. నిబంధనలు ఆవిరి వేగాన్ని చూడవు. కాలిఫోర్నియా కన్స్యూమర్ ప్రొడక్ట్స్ నిబంధనలో లో వేపర్ ప్రెషర్ కిందికి రావాలంటే 20 డిగ్రీల దగ్గర 0.1 మిల్లీమీటర్ల మెర్క్యురీ కంటే తక్కువ ఉండాలి, లేదా 12 కంటే ఎక్కువ కార్బన్లు, లేదా మరిగే స్థానం 216 డిగ్రీల పైన. ఎన్-డోడెకేన్ మరిగేది కూడా 216 దగ్గరే, మీ రిఫరెన్స్ సరిగ్గా గీత మీద కూర్చుంది. యూరప్ పెయింట్ల డైరెక్టివ్ 2004/42 మరిగే స్థానం 250 డిగ్రీలు, అంతకి లోపు అంటుంది. అందుకే 230 దగ్గర మరిగే కార్బిటాల్ యూరప్‌లో వీఓసీ (గాలిలోకి ఎగిరే సేంద్రియ పదార్థం), కాలిఫోర్నియాలో మినహాయింపు. టెక్సనాల్ 250 దాటుతుంది కాబట్టి రెండు చోట్లా తప్పించుకుంటుంది.

వాసన, ఆరే సమయం, గదిలో మిగిలే ఆవిరి కోసమైతే పొర మందంతో కలిపి చూడండి. 10 మైక్రాన్ల కార్బిటాల్ పొర అంటే చదరపు సెంటీమీటరుకి 0.95 మిల్లీగ్రాము. గంటకి 0.04 చొప్పున అది ఒక్క రోజులో ఎగిరిపోతుంది. అద్దం మీద తుడిచిన క్లీనర్‌లోని "ఎగరని" సాల్వెంట్ రేపటికి గదిలో ఉంటుంది. అదే పెయింట్‌లో అయితే మొదటి రోజుల తర్వాత గాలి కాదు, ఆరిన పొర లోపలి నుంచి బయటికి రావడం అడ్డుపడుతుంది, వారాలు పడుతుంది. ఆ దశకి డిష్ అంకె వాడకండి. గాజు పలక మీద మీ పెయింట్‌నే 100 మైక్రాన్ల అప్లికేటర్‌తో గీసి, ఇదే పెట్టెలో పెట్టి తూచండి. మొదటి కొన్ని గంటలు పోయేది నీరే, దాన్ని విడదీయడానికి అదే పెయింట్‌ని టెక్సనాల్ లేకుండా చేసి పక్కన ఇంకో రన్ పెట్టాల్సి వస్తుంది.